చక్రాల కుర్చీలో డాక్టరమ్మ: మేరీ వర్గీస్ జీవితం

పాఠం గురించి

నిన్నటిదాకా పరుగెత్తిన కాళ్లు ఈరోజు కదలకపోతే మనిషి ఏం కావాలి? తలకు దెబ్బ తగిలి, బాగా తెలిసిన మాటే నోటికి రాకపోతే ఎలా బతకాలి? మీ ఊళ్లోనో, మీ వీధిలోనో ఇలాంటి కష్టం వచ్చిన మనిషిని మీరు చూసే ఉంటారు. చెట్టు మీద నుంచి పడినవారు, లారీ గుద్దినవారు, కట్టడం పని చేస్తూ జారిపడినవారు ఎందరో ఉన్నారు. బహుశా మీ ఇంట్లోనే అలాంటివారు ఉన్నారేమో. అలాంటి ఇంట్లో రోజూ రెండు ప్రశ్నలు తిరుగుతూ ఉంటాయి. ఇది నాకే ఎందుకు వచ్చింది అన్నది మొదటిది. ఇక ముందు ఎలా అన్నది రెండోది.

ఈ పాఠంలో మీరు ఒక డాక్టరు కథ చదువుతారు. ఆమె పేరు మేరీ వర్గీస్. రోగులను బాగుచేయడం నేర్చుకున్న ఆమే ముప్పై ఏళ్లు నిండకముందే తిరిగి బాగుకాని రోగి అయ్యారు. ఆమె క్రైస్తవురాలు. ఆ కష్టంలో ఆమెకు దేవుడి మీది విశ్వాసం ఊరట ఇచ్చింది. కాని ఆ ఊరట ఆమె మొదట కోరుకున్న రూపంలో రాలేదు. అది ఎలా వచ్చిందన్నదే ఈ పాఠంలోని ముఖ్యమైన విషయం.

ఈ పాఠం చదివాక మీరు:

- మేరీ వర్గీస్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
- మెదడు, వెన్నుపాము దెబ్బతింటే శరీరంలో ఏం జరుగుతుందో వివరించగలుగుతారు.
- పునరావాసం అంటే ఏమిటో మీ మాటల్లో చెప్పగలుగుతారు.
- విశ్వాసం, ప్రయత్నం ఒకదానికొకటి ఎలా తోడవుతాయో ఆలోచించగలుగుతారు.

1. బాల్యం, చదువు

మేరీ వర్గీస్ 1925లో ఇప్పటి కేరళ రాష్ట్రంలోని కొచ్చిన్ ప్రాంతంలో పుట్టారు. వారిది సిరియన్ క్రైస్తవ కుటుంబం. కేరళలో క్రైస్తవ మతం చాలా పాతది. ఏసుక్రీస్తు శిష్యుడు తోమా మొదటి శతాబ్దంలోనే అక్కడి సముద్రతీరానికి వచ్చాడని ఆ ప్రాంత క్రైస్తవులు నమ్ముతారు. అలాంటి ఇళ్లలో రోజూ ప్రార్థన చేయడం, ఆదివారం చర్చికి వెళ్లడం పిల్లలకు ఉగ్గుపాలతోనే అలవాటవుతాయి. మేరీ కూడా అదే వాతావరణంలో పెరిగారు.

ఆ రోజుల్లో ఆడపిల్లను పెద్ద చదువులకు పంపడం మామూలు విషయం కాదు. దూరదేశం పంపి డాక్టరు చదివించడం ఇంకా అరుదు. అయినా మేరీ డాక్టరు కావాలనుకున్నారు. అందుకోసం వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరారు.

వెల్లూరు తమిళనాడులో ఉంది. మన చిత్తూరుకు దగ్గర. కాట్పాడి స్టేషనులో దిగితే అక్కడికి చేరుకోవచ్చు. ఇక్కడ నయం కాలేదంటే వెల్లూరు తీసుకుపోండి అని మన జిల్లాలలో పెద్దలు చెప్పడం మీరు వినే ఉంటారు. ఆ ఆసుపత్రిని ఐడా స్కడర్ అనే అమెరికా మహిళ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టారు. మగ డాక్టరు చేత చూపించుకోవడానికి స్త్రీలు ఒప్పుకోని కాలం అది. కాన్పు కష్టమైతే తల్లి ప్రాణం పోవలసిందే కాని పరాయి మగవాడు గదిలోకి రాకూడదు. అందుకని ఆడవాళ్లనే డాక్టర్లుగా తయారు చేయాలని ఐడా స్కడర్ సంకల్పించారు. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల ప్రారంభించారు. 1947లో మగ విద్యార్థులను కూడా చేర్చుకోవడం మొదలైంది. మేరీ అక్కడ చదివిన కాలం దాదాపు అదే.

చదువు పూర్తయ్యాక మేరీ అదే ఆసుపత్రిలో పనిలో చేరారు. స్త్రీల వ్యాధులకు వైద్యం చేసే శాఖలో నిపుణురాలు కావాలని ఆమె కోరిక. గంటల తరబడి నిలబడి ఆపరేషన్లు చేయడం, రాత్రివేళ పిలుపు వస్తే వార్డుకు పరుగెత్తడం ఆ పనిలో భాగం. అంటే కాళ్లకు కూడా చేతులతో సమానంగా పని ఉంటుందన్నమాట.

2. 1954: ఒక్క క్షణంలో

1954లో ఒకరోజు మేరీ తోటి డాక్టర్లతో కలసి బండిలో ప్రయాణం చేస్తున్నారు. విహారానికి బయలుదేరిన సరదా ప్రయాణం అది. దారిలో బండి అదుపు తప్పి రోడ్డు పక్కనున్న మైలురాయిని గుద్దుకుని దొర్లిపోయింది.

మేరీకి రెండు పెద్ద గాయాలయ్యాయి. ఒకటి ముఖానికి తగిలింది. ఆ గాయం ఎన్ని చికిత్సలు చేసినా పూర్తిగా మాయలేదు. చెంప మీద పెద్ద మచ్చ జీవితాంతం నిలిచిపోయింది. రెండో గాయం వెన్నుపాముకు తగిలింది. దాంతో నడుము కింది భాగమంతా చచ్చుబడిపోయింది.

వెన్నుపాము అంటే ఏమిటో ఇక్కడ కొంచెం తెలుసుకుందాం. మెదడు నుంచి కిందికి, వెన్నెముక లోపలి గొట్టం లాంటి దారిలో, మన చిటికెన వేలంత లావున ఒక నరాల కట్ట దిగుతుంది. పెద్దవారిలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. అదే వెన్నుపాము. మెదడు, వెన్నుపాము కలిసి ఒకే వ్యవస్థ. కాలు కదపమని మెదడు ఇచ్చే ఆజ్ఞ వెన్నుపాము గుండానే కిందికి వెళుతుంది. కాలికి ముల్లు గుచ్చుకుందనే కబురు దాని గుండానే పైకి వస్తుంది. ఈ దారి మధ్యలో తెగిపోతే ఆజ్ఞా వెళ్లదు, కబురూ రాదు. కాలిలో ఏ లోపమూ లేకపోయినా కాలు కదలదు.

చేతి మీద చర్మం తెగితే కొన్నాళ్లకు మళ్లీ అతుక్కుంటుంది. ఎముక విరిగితే కట్టు కడితే కలుస్తుంది. కాని మెదడు, వెన్నుపాము అలా కావు. వాటిలో పూర్తిగా తెగిన నరాల దారులు తిరిగి పెరగవు. మేరీ స్వయంగా డాక్టరు కాబట్టి ఈ విషయం ఆమెకు తెలుసు.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడక పోవడం ఒక్కటే కష్టం కాదు. మూత్రం, మలం తెలియకుండా పోతాయి. మూత్రకోశంలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. ఒకే పక్కకు పడుకుని ఉంటే ఆ చోట రక్తం ఆడక చర్మం చచ్చి పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి ఆ పుండు ఎముక దాకా పోయినా రోగికి తెలియదు. అందుకే రెండేసి గంటలకు ఒకసారి రోగిని పక్కకు తిప్పాలి. ఒకప్పుడు ఇలాంటి రోగులలో చాలామంది కొద్ది నెలలలోనో, ఒకటి రెండేళ్లలోనో చనిపోయేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు గాయపడిన సైనికులకు కొత్త పద్ధతిలో సేవలు చేయించాక, వీరు కూడా ఎన్నో ఏళ్లు బతకవచ్చునని లోకానికి తెలిసింది. కాని మేరీకి ప్రమాదం జరిగేనాటికి మన దేశంలో ఇలాంటివారికోసం ప్రత్యేకమైన ఏర్పాట్లు దాదాపు లేవు.

గుర్తుంచుకోండి: ప్రమాదంలో పడిన మనిషిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకూడదు. కూర్చోబెట్టకూడదు. మెడ, నడుము వంగకుండా చెక్క మీదగాని, తలుపు రెక్క మీదగాని వెల్లకిల పడుకోబెట్టి తీసుకువెళ్లాలి. కొద్దిగా నలిగిన వెన్నుపాము మనం తప్పుగా ఎత్తడం వల్ల పూర్తిగా తెగిపోవచ్చు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. వెన్నుపాము చేసే రెండు పనులు ఏమిటి?
2. నడవలేని రోగిని రెండేసి గంటలకు ఒకసారి ఎందుకు తిప్పాలి?

3. మంచం మీద ఎదురుచూపు

ఇప్పుడు మేరీ పరిస్థితిని ఒకసారి ఊహించండి. నిన్నటిదాకా ఏ వార్డులో రోగులను చూశారో, ఇప్పుడు అలాంటి వార్డులోనే పడుకుని ఉన్నారు. పక్కకు తిరగాలన్నా ఒకరు సాయం చేయాలి. చిన్న వయసు. ముఖం మీద పెద్ద గాయం. ఇష్టపడి నేర్చుకున్న పని చేతికి అందకుండా పోయింది.

అలాంటి సమయంలో మేరీ దేవుడినే పట్టుకున్నారు. చిన్ననాటి నుంచి నమ్మిన దేవుడు తనను విడిచిపెట్టడనుకున్నారు. ఆయన తలచుకుంటే కాళ్లలో మళ్లీ చలనం వస్తుందని ఆమె నమ్మారు. ఆ నమ్మకమే ఆమె మనసును నిలబెట్టింది. కాని దానితోపాటే ఒక చిక్కు కూడా వచ్చింది.

మిగిలిన కండరాలకు బలం రావడానికి వ్యాయామాలు చేయాలని, చక్రాల కుర్చీలో మసలడం నేర్చుకోవాలని ఆసుపత్రివారు ఆమెకు చెప్పారు. మేరీ ఒప్పుకోలేదు. దేవుడు బాగుచేస్తాడని నమ్మేవారు చక్రాల కుర్చీ ఎందుకు నేర్చుకోవాలన్నది ఆమె సందేహం. అలా నేర్చుకోవడమంటే నమ్మకం లేనట్లే అవుతుందని ఆమెకు అనిపించింది.

ఆమెకు చికిత్స చేసినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో క్రైస్తవ మిషనరీల ఇంట పుట్టిన ఇంగ్లీషు సర్జన్. 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేయడంలో ప్రపంచ ప్రసిద్ధి పొందారు. ఆయన కూడా గట్టి విశ్వాసి. ఆయనా, మిగతా డాక్టర్లూ మేరీ విశ్వాసాన్ని తక్కువ చేయలేదు. కాని తెగిన వెన్నుపాము అతుక్కుంటుందని ఎదురుచూస్తూ ఉన్న జీవితాన్ని పోగొట్టుకోవద్దని ఆమెను ఒత్తిడి చేశారు.

మేరీ మనసులో పెద్ద పోరాటమే జరిగింది. ఒకపక్క అద్భుతం జరగాలనే కోరిక. ఇంకోపక్క, కాళ్లు కదలకపోయినా లోపల ఏదో బలం నెమ్మదిగా కుదురుకుంటోందనే ఎరుక. ఈ పోరాటం ఒక్కరోజులో తెమలలేదు.

క్రైస్తవులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. బైబిలులో పౌలు అనే భక్తుడి వృత్తాంతం ఉంది. ఆయన శరీరంలో ముల్లులా ఒక బాధ ఉండేది. దాన్ని తీసివేయమని ఆయన మూడుసార్లు దేవుణ్ణి వేడుకున్నాడు. ఆ బాధ పోలేదు. దానికి బదులు, ఆ బాధతోనే నిలబడే శక్తి దొరికింది. కోరింది ఇవ్వకపోయినా దేవుడు దగ్గరగానే ఉంటాడన్నది ఆ వృత్తాంతం వల్ల క్రైస్తవులు గ్రహించే విషయం. మేరీ జీవితం కూడా నెమ్మదిగా ఆ దారికే వచ్చింది.

చివరకు ఆమె చక్రాల కుర్చీని అంగీకరించారు. ప్రార్థన మాత్రం మానలేదు. ఆ ప్రార్థనలో అడిగేది మారింది. పోయిన కాళ్లు తిరిగి ఇమ్మని అడగడం తగ్గి, మిగిలిన చేతులు పనికి వచ్చేలా చేయమని అడగడం మొదలైంది. అమెరికా రచయిత్రి డొరొతీ క్లార్క్ విల్సన్ 1963లో మేరీ జీవితం మీద ఒక పుస్తకం ప్రచురించారు. ఆ పుస్తకం పేరులో ఉన్నది కూడా చేతుల ప్రస్తావనే.

4. కూర్చుని చేసే ఆపరేషన్లు

చేతులు పనికి రావాలంటే తగిన పని దొరకాలి కదా! ఇక్కడే పాల్ బ్రాండ్ ఒక దారి చూపించారు. కడుపు ఆపరేషన్ చేసే డాక్టరు నిలబడి తీరాలి. కాని చేతి ఆపరేషన్ అలా కాదు. రోగి చేతిని బల్ల మీద చాపి పెడతారు. డాక్టరు ఎదురుగా కూర్చుని చేయవచ్చు. మేరీ నైపుణ్యానికి కాళ్లతో పనిలేదు. కాబట్టి కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేయడం నేర్చుకోమని ఆయన సలహా ఇచ్చారు.

కుష్ఠు వ్యాధి గురించి మీకు కొంత తెలిసే ఉంటుంది. ఇది శాపం వల్లగాని, పాపం వల్లగాని వచ్చేది కాదు. ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. నార్వే దేశపు డాక్టర్ హాన్‌సెన్ దానిని 1873లో కనిపెట్టారు. ఆ సూక్ష్మజీవి చర్మంతోపాటు నరాలను దెబ్బతీస్తుంది. మోచేతి దగ్గర పోయే నరం చెడితే వేళ్లు లోపలికి వంకర తిరిగి గోళ్లు ముడుచుకున్న పక్షి కాలిలా అవుతాయి. స్పర్శ పోవడంతో కాలినా, తెగినా తెలియదు. ఇప్పుడు మంచి మందులున్నాయి. కొన్ని మందులను కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. తొందరగా గుర్తించి ఆ మందులు వాడితే వ్యాధి పూర్తిగా నయమవుతుంది. మేరీ పనిచేసిన కాలంలో ఇంత సదుపాయం లేదు. వంకర వేళ్లు ఉన్నవారిని ఊరి బయటికి తోలేవారు.

అలాంటి వేళ్లను తిన్నగా చేయడానికి పాల్ బ్రాండ్ ఒక పద్ధతిని వాడేవారు. కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగాన్ని టెండాన్ అంటారు. చెడిపోని కండరం తాలూకు టెండాన్‌ను తీసి చచ్చుబడిన వేళ్లకు కలుపుతారు. కొన్ని వారాలు చేతికి పిండికట్టు ఉంటుంది. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. నిన్నటిదాకా వేరే పని చేసిన కండరం ఇప్పుడు వేళ్లను కదపాలి. ఆ సంగతి మెదడు కొత్తగా నేర్చుకోవాలి. రోగి ఓపికగా అభ్యాసం చేస్తే చేయి మళ్లీ గ్లాసు పట్టుకుంటుంది, అన్నం కలుపుతుంది, కొడవలి పట్టుకుంటుంది.

మేరీకి ఈ పని సులభంగా రాలేదు. నడుము కింద పట్టు లేని మనిషి కుర్చీలో నిటారుగా కూర్చోవడమే కష్టం. గంటల తరబడి కూర్చుంటే పుండ్లు పడే ప్రమాదం ఉంది. అయినా ఆమె నేర్చుకున్నారు. చక్రాల కుర్చీలో ఆపరేషన్ గదికి వచ్చి, బల్ల ముందు కూర్చుని కత్తి పట్టారు.

ఆమె కుష్ఠు రోగుల మధ్యకు వెళ్లినప్పుడు ఒక విశేషం జరిగింది. ఆ రోగులు అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న డాక్టర్లనే చూశారు. ఇప్పుడు వచ్చిన డాక్టరమ్మకు ముఖం మీద పెద్ద మచ్చ ఉంది. కాళ్లు లేనట్లే. తమకంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి తమకు వైద్యం చేయడానికి వచ్చారు. ధైర్యం తెచ్చుకోమని ఆమె వారికి ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. ఆమె రావడమే వారికి ధైర్యమైంది. మేరీకి ఇన్నాళ్లూ భారంగా ఉన్న మచ్చ, కుర్చీ ఇప్పుడు రోగుల మనసు తలుపు తెరిచే తాళంచెవులయ్యాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆమె అడిగిన అద్భుతం జరగలేదు. కాళ్లు కదలలేదు. అయినా ఆమె ప్రార్థన వృథా అయిందని మీరు అంటారా?

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. మేరీ మొదట్లో చక్రాల కుర్చీని ఎందుకు వద్దన్నారు?
2. చేతి ఆపరేషన్లే ఆమెకు తగిన పని ఎందుకయ్యాయి?
3. కుష్ఠు రోగులకు ఆమెను చూడగానే ధైర్యం ఎందుకు కలిగింది?

5. విదేశాలలో శిక్షణ

మేరీ తన పని తాను చేసుకుంటూ అక్కడితో ఆగిపోలేదు. తనలాంటివారు ఇంకా ఎందరో ఉన్నారు. తనకు పెద్ద ఆసుపత్రి, తోటి డాక్టర్ల అండ దొరికాయి. కొబ్బరిచెట్టు మీద నుంచి పడిన కూలీకి ఏం దొరుకుతుంది? ఆసుపత్రి అతని ప్రాణం కాపాడి ఇంటికి పంపుతుంది. ఇంట్లో నులకమంచం మీద పుండ్లు పడి అతను చనిపోతాడు. ప్రాణం నిలబెట్టడంతో వైద్యం పూర్తి కాదు. బతుకు నిలబెట్టాలి.

ఆమె మొదట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి వెళ్లి, తన పనులు తాను చేసుకునే శిక్షణ పొందారు. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలో నుంచి బండిలోకి ఒకరి సాయం లేకుండా మారడం ఇలాంటి శిక్షణలో నేర్పుతారు. ఆ తర్వాత అమెరికాలోని న్యూయార్క్ నగరానికి వెళ్లారు. అక్కడ డాక్టర్ హోవార్డ్ రస్క్ నడిపే సంస్థలో పునరావాస వైద్యం చదివారు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులను తిరిగి పనిలో నిలబెట్టిన అనుభవంతో రస్క్ ఈ వైద్యాన్ని ఒక శాస్త్రంగా పెంచారు. చక్రాల కుర్చీలో సముద్రాలు దాటి, పరాయి దేశంలో చదివి, మేరీ ఆ శాస్త్రంలో నిపుణురాలయ్యారు. అక్కడే ఉండిపోతే సుఖంగా బతకవచ్చు. అక్కడి మెట్లకు పక్కన వాలుదారులుంటాయి. కుర్చీ పట్టే తలుపులుంటాయి. కాని ఆమె వెల్లూరుకే తిరిగి వచ్చారు.

6. పునరావాసం: బతుకును తిరిగి కట్టడం

1963లో వెల్లూరు ఆసుపత్రిలో పునరావాస వైద్య విభాగం ఏర్పడింది. దానికి మొదటి అధిపతి డాక్టర్ మేరీ వర్గీస్. 1966లో వెల్లూరు దగ్గర బాగాయంలో పునరావాస సంస్థ ప్రారంభమైంది. రోగులు అక్కడే కొన్ని వారాలో, నెలలో ఉండి శిక్షణ పొందే ఇలాంటి సంస్థ మన దేశంలో ఇదే మొదటిదని చెబుతారు.

పునరావాసం అనే మాట మీరు వరద బాధితుల విషయంలో వినే ఉంటారు. ఇల్లు కొట్టుకుపోయినవారికి మళ్లీ నిలువనీడ కల్పించడం అక్కడ దాని అర్థం. వైద్యంలో కూడా దాదాపు అంతే. శరీరం దెబ్బతిన్న మనిషికి మళ్లీ బతుకును కట్టి ఇవ్వడం. ఇందులో డాక్టరు ఒక్కరే చేసేది తక్కువ. వ్యాయామం చేయించేవారు, చేతిపనులు నేర్పేవారు, మాట నేర్పేవారు, కాలిపర్లు, కృత్రిమ అవయవాలు తయారుచేసేవారు, నర్సులు అందరూ కలిసి పనిచేయాలి. అందరికంటే ముఖ్యం ఇంటివారు. రోగిని ఎలా ఎత్తాలో, ఎలా తిప్పాలో, ఎక్కడ తానే చేసుకోనివ్వాలో వారు నేర్చుకోవాలి.

వెన్నుపాము గాయాలవారితోపాటు తలకు దెబ్బలు తగిలి మెదడు గాయపడినవారికి కూడా ఇలాంటి చోట్ల శిక్షణ ఇస్తారు. మెదడు గాయం పైకి కనబడదు. తల మీది కుట్లు మానిపోతాయి, జుట్టు పెరుగుతుంది. చూసేవారు నయమైపోయిందనుకుంటారు. కాని లోపల మనిషికి నిన్నటి సంగతి గుర్తుండదు. అనవలసిన మాట దొరకదు. కొంచెం చప్పుడుకే కోపం వస్తుంది. త్వరగా అలసిపోతాడు. ఒకపక్క చేయి, కాలు బలహీనమవుతాయి. ఇంటివారు అతనికి పొగరనో, సోమరితనమనో పొరబడతారు. అది గాయం చేసే పని అని తెలుసుకోవాలి.

పూర్తిగా చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. కాని మిగిలిన భాగం అభ్యాసంతో కొత్త దారులు వేసుకోగలదు. ఆపరేషన్ తర్వాత చేతిని కొత్తగా కదపడం నేర్చుకున్న కుష్ఠు రోగి సంగతి గుర్తుందా? ఇదీ అలాంటిదే. రోజూ ఒకే వేళకు ఒకే పని చేయించాలి. గుర్తుపెట్టుకోవలసినవి చిన్న పుస్తకంలో రాసి ఉంచాలి. ఒకసారికి ఒకే మాట చెప్పాలి. బాగా నిద్రపోనివ్వాలి. మెరుగు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తుంది.

ఈ నెమ్మదితనాన్ని తట్టుకోవడానికి మనసుకు ఒక ఆసరా కావాలి. చాలామందికి ఆ ఆసరా దేవుడే. మెదడు గాయపడి కొత్త విషయాలేవీ గుర్తుండనివారికి కూడా చిన్నప్పుడు కంఠస్థం చేసిన ప్రార్థన, చర్చిలో పాడిన పాట నోటికి వస్తుండటం కద్దు. పాత జ్ఞాపకాలు, పాటలు మెదడులో లోతుగా పాతుకుని ఉంటాయి. మాట తడబడే మనిషి కూడా పాట అందుకుంటే పదాలు కలుస్తాయి. తన లోపల ఏదో ఇంకా చెక్కుచెదరకుండా ఉందని తెలిసినప్పుడు ఆ మనిషికి కలిగే ఊరట చిన్నది కాదు. ఆదివారం నలుగురి మధ్య కూర్చోవడం, తన పేరు చెప్పి నలుగురు ప్రార్థన చేయడం కూడా ఊరటే. తాను ఎవరికీ భారం కాదని, లెక్కలో ఉన్న మనిషేనని అతనికి తెలుస్తుంది. మీ మతం ఏదైనా ఈ సంగతి మీకు అర్థమవుతుంది.

అయితే విశ్వాసం పేరుతో మందులు మాన్పించడం, స్వస్థత కలగలేదంటే నీకు నమ్మకం చాలలేదని రోగిని నిందించడం తగదు. మేరీకి నమ్మకం తక్కువై కాళ్లు రాలేదని ఎవరనగలరు? ఆమె చేతిలో ప్రార్థనా ఉంది, కత్తీ ఉంది. ఒకదాని కోసం ఇంకొకదాన్ని ఆమె వదులుకోలేదు.

7. గుర్తింపు, చివరి రోజులు

మేరీ సేవలకు భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. ఆమె దగ్గర శిక్షణ పొందినవారు ఈ వైద్యాన్ని ఇతర ప్రాంతాలకు తీసుకుపోయారు. 1986లో డాక్టర్ మేరీ వర్గీస్ కన్నుమూశారు. ప్రమాదం జరిగాక ఆమె ముప్పై రెండేళ్లు బతికారు. ఒకప్పుడు ఇలాంటి గాయంతో ఒకటి రెండేళ్లు కూడా బతకరనుకునేవారని మనం పైన చదివాం. ఆ ముప్పై రెండేళ్లలో ఒక్క అడుగు కూడా వేయలేని మనిషి, వేలమందికి తిరిగి బతకడం నేర్పే చోటును నిలబెట్టి వెళ్లారు.

ఆమె తర్వాత మన దేశంలో చట్టాలు కూడా వచ్చాయి. పునరావాస పనివారి శిక్షణను క్రమబద్ధం చేయడానికి 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. వికలాంగుల హక్కుల కోసం 1995లో ఒక చట్టం చేశారు. దాని స్థానంలో 2016లో ఇంకా విస్తృతమైన చట్టం చేశారు. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు వ్యాధి నయమైనవారు కూడా అందులో ఉన్నారు. మీ ఇంట్లోగాని, ఇరుగుపొరుగులోగాని వైకల్యం ఉన్నవారుంటే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ధ్రువపత్రం కోసం అడగండి. అది దయాదాక్షిణ్యం కాదు, హక్కు.

పాఠం సారాంశం

మేరీ వర్గీస్ 1925లో కేరళలో పుట్టి, వెల్లూరులో వైద్యం చదివారు. 1954లో జరిగిన ప్రమాదంలో ఆమె వెన్నుపాము తెగి నడక పోయింది. దేవుడు కాళ్లు తిరిగి ఇస్తాడనే నమ్మకంతో మొదట చక్రాల కుర్చీని కాదన్నారు. తర్వాత అదే నమ్మకం ఆమెకు చక్రాల కుర్చీలో కూర్చునే బలమిచ్చింది. కుష్ఠు రోగుల చేతులు బాగుచేశారు. 1963లో పునరావాస విభాగాన్ని, 1966లో పునరావాస సంస్థను నిలబెట్టారు. పోయినదాని కోసం ఎదురుచూసినంతకాలం ఆమెకు ఊరట సగమే దొరికింది. మిగిలినదానిని పదిమందికి పంచడం మొదలుపెట్టాక అది నిండుగా దొరికింది.

పాఠాంత ప్రశ్నలు

1. మేరీ వర్గీస్ విశ్వాసం ప్రమాదం తర్వాత ఎలా మారిందో పది వాక్యాలలో రాయండి.
2. పునరావాసంలో ఇంటివారి పాత్ర ఏమిటి?
3. మెదడు గాయం పైకి కనబడకపోవడం వల్ల వచ్చే ఇబ్బందులు ఏవి?
4. మీకు తెలిసినవారిలో శరీరం దెబ్బతిన్నా పని మానని మనిషి ఎవరైనా ఉన్నారా? వారితో మాట్లాడండి. వారికి కష్టకాలంలో ఏది ఆసరా అయిందో అడిగి తెలుసుకుని మీ నోటు పుస్తకంలో రాయండి. రాసినది ముందుగా వారికే చదివి వినిపించండి.